మైసక్కకు పన్నెండు నిమిషాలు

1. పోయిన మర్నాడు, మొదటి షిఫ్ట్

ఈ రిజిస్టరు ముందు పేజీల్లో గనిలోని ఏ సొరంగపు గ్యాలరీలో ఎన్ని బస్తాల రాతిపొడి చల్లానో రాస్తాను. అది ఆఫీసుకు. వెనక నుంచి తిప్పితే వచ్చే పేజీలు నావి. ముప్ఫయ్యేళ్లలో ఏ ఆఫీసరూ రిజిస్టరును వెనక నుంచి తెరిచిన పాపాన పోలేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

నిన్న మైసక్క పోయింది. మూడో లెవెల్లో పంపు నడిపేది. యాభై రెండేళ్లు. దవాఖాన చీటీ మీద 'ఊపిరితిత్తులు' అని ఒక్క మాట రాసి సంతకం పెట్టారు. ఆ ఊపిరితిత్తుల్లోకి పోయిన పొడి నేను చల్లిందే. ఈ సంగతి రాయడానికి ముందు పేజీల్లో గడి లేదు.

పొద్దున నా పేరు మీద గొంతు డబ్బా వచ్చింది. ఇక్కడ ఎవరు పోయినా దగ్గరి స్నేహితుల్లో ఒకరికి ఈ డబ్బా ఇస్తారు. పన్నెండు రోజుల్లో తెలిసినవాళ్లందరి దగ్గరికీ పట్టుకెళ్లి వాళ్లు చెప్పింది నింపాలి. అందులోంచి డబ్బా తనంతట తానే పన్నెండు నిమిషాలు ఏరి ఒక పలక చేస్తుంది. ఏటా ఆ మనిషి పోయిన రోజున, షిఫ్ట్ మారే వేళ, ఆ పలకను అన్ని గ్యాలరీల్లో వినిపిస్తారు. ఎక్కడివాళ్లక్కడ నిలబడి వింటారు. పైన ఎండలు భరించలేక ఈ పాత బొగ్గు గనుల్లోకి దిగిన తొలి తరానికి వెలుగు మరీ కరువట. ఫొటోలు చూసుకునే వీలు లేక గొంతులు దాచుకున్నారు. ఇప్పుడు వెలుగు కాస్త పెరిగినా పద్ధతి మాత్రం మారలేదు. మా తాత పలక యాభై సార్లు విన్నాను. ఆయన మొహం ఎలా ఉండేదో తెలియదు గానీ, ఆయన గురకకు పక్క గదివాళ్లు గోడ బాదేవాళ్లని మాత్రం బాగా తెలుసు.

చిక్కంతా ఏమిటంటే, మైసక్క గురించి చెప్పుకోదగ్గ సంగతి ఒక్కటీ డబ్బాలో చెప్పడానికి లేదు.

మా గోడలన్నీ బొగ్గు. బొగ్గు నుసి గాలిలో లేచి నిప్పురవ్వ తగిలిందా, గ్యాలరీ మొత్తం అంటుకుంటుంది. అలా అంటుకోకుండా గోడలకు తెల్లటి రాతిపొడి చల్లుతారు. ఆ పని నాది. గోడ మీద వేలు పెట్టి పొడి తుడవడం ఇక్కడ పెద్ద నేరం. అది తప్పుడు నియమమని నేను అనను. మా నాన్న రెండో లెవెల్ మంటలో పోయాడు.

ఆ తెల్లటి గోడల మీద పదకొండేళ్లుగా ఎవరో వేళ్లతో బొమ్మలు గీస్తూ వచ్చారు. వేలు పోయినంత మేర కింది బొగ్గు నల్లగా బయటపడేది. ఎవరు గీస్తున్నారో ఆఫీసు వెతకని రోజు లేదు. జనం చూడని బొమ్మ లేదు. నా వంతు తిరిగి వచ్చేదాకా, ఒక రోజో అయిదు రోజులో బొమ్మ ఉండేది. తర్వాత నేనే ట్యూబు పట్టి దాని మీద పొడి చల్లేవాణ్ణి. రిజిస్టరులో 'నీటి చెమ్మకు పొడి రాలింది' అని రాసేవాణ్ణి. ఆ గీసేది మైసక్క అని నలుగురికి తెలుసు. ఆమెతో పాటు పంపు మీద పనిచేసే సరోజన, వంటశాల ఈరమ్మ, బత్తుల గది ఓదెలు, నేను.

గోడ తుడిచినవాళ్లు బతికి ఉంటే పైడ్యూటీకి పంపుతారు. అంటే నేల మీద, ఆ ఎండలో, సోలార్ ప్యానెళ్లు తుడిచే పని. ఒక ఎండాకాలం పోయినవాళ్లు ఎక్కువమంది తిరిగి రాలేదు. చనిపోయాక బయటపడితే వాళ్లకు పలక ఉండదు.

కాబట్టి మైసక్క పంపు నడిపింది, మంచి మనిషి, అని పన్నెండు నిమిషాలు నింపాలి.

2. మూడో రోజు

ఈరమ్మ దగ్గరికి పోయాను. గంజి గిన్నెలు కడుగుతోంది. డబ్బాను ముందు పెట్టి, గొంతు ఎక్కుతోందని చూపే ఎర్రబల్బు వెలిగించగానే గొంతు సవరించుకుని, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చుంది.

"మైసక్క మంచిది. యాళ్లకు వచ్చేది. గంజిల ఉప్పు తక్కువైనా ఏమనకపోయేది. గంతే."

బల్బు ఆర్పాను. ఈరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"గట్టన్నా, వాన బొమ్మ యాదికున్నదా? వాన ఎట్లుంటదో మా అవ్వ చెప్తుండె, నేనెన్నడు చూడకపోతి. ఒకనాడు గంజి పోసుకుంట మైసక్కకు గదే చెప్పిన. తెల్లారి వచ్చి చూస్తె వంటశాల గోడ పొడుగూత వానే! ఇంతింత సన్న గీతలు, ఏటవాలుగ. లైన్ల నిలవడ్డోళ్లంత తువ్వాలలు నెత్తిమీద కప్పుకున్నరు. నవ్వుకుంటనే కప్పుకున్నరు గని కప్పుకున్నరు. నేను గూడ కొంగు కప్పుకున్న."

"ఇదే డబ్బాల చెప్పరాదా చెల్లె?" అన్నాను.

"చెప్తె పలకనే పాయె. ఏం చెప్పమంటవ్?"

ఆ వాన మీద పొడి చల్లింది నేనే. ఏడు బస్తాలు పట్టింది.

3. నాలుగో రోజు

ఓదెలు బత్తుల గదిలో ఉంటాడు. షిఫ్ట్‌కు పోయేవాళ్లకు తలబత్తి ఇచ్చి, తిరిగి వచ్చాక ఎంత చార్జి ఖర్చయిందో చూసి రాసుకుంటాడు. అరవై ఏళ్లు వచ్చినా నోరు మాత్రం తగ్గలేదు. డబ్బా ముందు ఆ నోటికీ తాళం పడింది. మైసక్క బత్తి ఎన్నడూ పగలగొట్టలేదని చెప్పి ఊరుకున్నాడు.

బల్బు ఆర్పగానే మొదలుపెట్టాడు.

"పగులగొట్టలే గని సగం చార్జి గోడలకే తాగించేది. పంపు కాడ గూసున్న మనిషికి అంత బత్తి ఎందుకు ఖర్చయితదో దొరలకు తెల్వదా? పదకొండేండ్లు తప్పుడు లెక్క రాసిన. ఏమన్న అంటె నా ముక్కు గీసింది!"

ఆ ముక్కు తెలియనివాళ్లు గనిలో లేరు. ఒకటో లెవెల్ జంక్షన్లో నిలువెత్తున గీసింది. ముక్కు చివర ఒక తలబత్తి కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. రెండు షిఫ్టులవాళ్లు పడి పడి నవ్వారు. ఓదెలు కోపం నటిస్తూ పొద్దుకు నాలుగుసార్లు అటు పోయి చూసుకునేవాడు. 'తొందరగ చల్లు గట్టన్నా, పరువు పోతున్నది' అని నాతో అనేవాడు. నేను ట్యూబు ఎత్తగానే 'రేపు చల్లరాదా' అనేవాడు.

"నిన్ను గీయలే గద?" అని ఇవాళ అడిగాడు.

గీయలేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నాకు అది లోపల గుచ్చుకునేది. వంటావిడను గీసింది, షిఫ్ట్ పని చూసే ముసలి ఓవర్‌మాన్‌ను గీసింది, పంపు వాల్వు మీద కూర్చునే బొద్దింకను కూడా గీసింది. ఆమె కోసం గోడకు రెండింతలు మందంగా పొడి పట్టించి, చెమ్మ అని అబద్ధాలు రాసినవాణ్ణి మాత్రం గీయలేదు. ఒకసారి అడిగేశాను కూడా. మైసక్క దగ్గుతూ నవ్వింది.

"నిన్ను గీస్తె నీ మీద నువ్వే పొడి చల్లుకోవాలె గట్టన్నా. నీకు చెయ్యి రాదు," అంది.

4. అయిదో రోజు

ఇవాళ నా వంతు మూడో లెవెల్. పంపు గది వెనక మలుపులో పొడి చల్లడానికి పోతే అక్కడ నేనున్నాను.

వీపు. వంగిన వీపు, భుజం మీద ట్యూబు, ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నట్టు. ఆ కాలు బస్తా పడి విరిగిన కాలు. నడిచేటప్పుడు అది అలా ఉంటుందని నాకే తెలియదు. బొమ్మలో నేను ట్యూబు ఎత్తి పట్టుకుని ఉన్నాను, ఎదుట గోడ ఖాళీగా ఉంది. గీతలు వణికాయి. కొన్ని చోట్ల ఆగి మళ్లీ మొదలయ్యాయి.

సరోజన పంపు దగ్గర నుంచి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఆఖరి రోజు గీసిందన్నా. చెయ్యి లేస్తలేకుంటె మోచెయ్యి నేను పట్టుకున్న. మాస్కు పెట్టుకోమంటె ఇనలే. గీతల మీద నోటితోటి ఊదాలె, లేకుంటె సాఫ్ రాదు అన్నది. పదకొండేండ్లు గట్లనే ఊదింది, ఊపిరి గుంజింది. ఊదుడు, గుంజుడు. నేనన్న చెయ్యి గుంజుకుంటె ఇంకో నాలుగు దినాలు బతుకునేమో."

ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మందంగా చల్లితే గీత బాగా వస్తుందని సంబరపడినవాణ్ణి నేను. ఆ సంబరమే ఆమె ఊపిరి తీసిందని నాకు ఇప్పుడు తెలిసినట్టు రాయడం కూడా అబద్ధమే. ఆమె దగ్గు మూడేళ్లుగా వింటూనే ఉన్నాను.

ముందు పేజీలో రాశాను: మూడో లెవెల్, పంపు మలుపు, పొడి చల్లడమైనది, రెండు బస్తాలు.

చల్లలేదు. చెయ్యి రాలేదు.

5. ఎనిమిదో రోజు

ముప్ఫయ్యేళ్ల ఉద్యోగంలో ఒక్క గోడ వదిలాను. ఆ గోడ ముందే భద్రత ఆఫీసరు భాస్కరరామ్ గారు నిలబడ్డారు. కొత్తగా వచ్చారు, మాట మెత్తన. నా మూడు రోజుల కిందటి రాతను, గోడను పక్కపక్కన పెట్టి చూశారు. పొడి చల్లిన గోడ మీద బొమ్మ ఉందంటే, చల్లిన తర్వాత గీసి ఉండాలి. అంటే గీసినవాళ్లు బతికే ఉన్నారు. ఆ మలుపులోకి ఈ మూడు రోజుల్లో నేను కాక పోయింది సరోజన ఒక్కతే. ఆమె రవికె చేతి మీద తెల్లటి పొడి మరక కూడా దొరికింది.

నా అబద్ధం ఆమె మెడకు చుట్టుకుంది. ఎల్లుండి పైడ్యూటీ బండి. ఎండలు ముదిరిన నెల ఇది.

నేను ఆఫీసుకు పరిగెత్తాను. నేనే గీశానని చెప్పాను. భాస్కరరామ్ గారు విసుక్కోలేదు. లేచి నాతో గోడ దాకా నడిచి వచ్చారు. నా వేలు గీత పక్కన పెట్టమన్నారు. నా వేళ్లు బెండకాయల్లా ఉంటాయి. ఒక్క వేలికి రెండు గీతలు మునిగాయి.

"గట్టయ్యగారూ, మీది పెద్ద మనసు. వేళ్లు కూడా పెద్దవే. ఎవరినో కాపాడాలని చూడకండి," అన్నారు.

"అయితే గీసింది మైసక్క. పోయిన రోజు గీసింది. నేను పొడి చల్లకుండా చల్లినట్టు రాసిన," అన్నాను.

"పోయినవాళ్ల మీద నెట్టడం సులువండీ. మీరిప్పుడే నేను గీశానన్నారు. అరగంటలో రెండో మాట. మీ ఒక్కరి మాట మీద నేను రాయలేను. డబ్బా ముందు ముగ్గురు చెప్పాలి. చెబితే ఆవిడ పలక రద్దవుతుంది, తెలుసు కదా? దాచినవాళ్లకు ఏడాది పాటు తలబత్తి చార్జిలో సగం కోత. ఇందులో మార్చే అధికారం నాకు లేదు."

సరోజనను ఆఫీసు పక్క గదిలో ఉంచారు. తలుపు సందులోంచి మాట్లాడాను.

"అక్క పేరు చెప్పకు అన్నా," అంది. "పలక ఒక్కటే మిగిలింది ఆమెకు. పిల్లల్లేరు, జల్లల్లేరు. నేను పోతె ఒక ఎండాకాలమే గద."

నేను ఎవరి పక్షాన నిలబడ్డా ఒకరికి అన్యాయం చేసినవాణ్ణే. ఒక బొమ్మ మీద ఆశకు ఇంత చేశాను.

6. తొమ్మిదో రోజు

ఈరమ్మ, ఓదెలు, నేను వంటశాల వెనక కూర్చున్నాం.

"మైసక్క ఉంటె ఏమంటుండె?" అంది ఈరమ్మ.

ఓదెలు బత్తి గాజును తువ్వాలతో తుడుస్తూ కూర్చున్నాడు. "ఏమంటది? సరోజన పోరి పైకి పోతున్నదంటె, తన పలక తనే తీస్కపోయి పంపు నీళ్లల్ల వడేస్తది. మనల్ని అడుగది గూడ."

అడగదు. అది మా ముగ్గురికీ తెలుసు. తెలిసినా ఇంకో దారి ఉందేమోనని కాసేపు వెతికాం. లేదు.

7. పదో రోజు, విచారణ

ఆఫీసులో బల్ల మీద ఒక గొంతు డబ్బా పెట్టారు. నా దగ్గర ఉన్నలాంటిదే. పైన అదే ఎర్రబల్బు. ఈరమ్మ దాని ముందు మొన్నటిలా కూర్చోలేదు. కొంగు నడుముకు దోపుకుని, వంటశాలలో లైను సరిచేసేటప్పటిలా నిలబడింది.

వాన గురించి చెప్పింది. తువ్వాలల గురించి చెప్పింది. నాకు చెప్పనిది కూడా చెప్పింది. బిడ్డ పోయిన ఏడాది ఈరమ్మ తిండి మానేస్తే, పొయ్యి వెనక ఎవరికీ కనబడని చోట మైసక్క ఆ బిడ్డ పాదాలు రెండు గీసిందట. "గవి నేను ఎవ్వలకు చూపియ్యలే. గట్టన్న వచ్చెటాళ్లకు బస్తాలు అడ్డం పెట్టిన. గా గోడ ఒక్కటి రెండు నెల్లు ఉన్నది సారూ. తప్పే. రాస్కోండ్రి."

ఓదెలు తన ముక్కు గురించి చెబుతుంటే రాసుకునే గుమస్తా నవ్వు ఆపుకోలేకపోయాడు. తప్పుడు చార్జి లెక్కలు ఏ ఏడు ఎన్ని రాశాడో వేళ్ల మీద చెప్పాడు. "నా ముక్కును ఎవలన్న గంత శ్రద్ధగ చూసింది గామె ఒక్కతే. మా ఇంటిది గూడ చూడలే," అన్నాడు. అని తల దించుకున్నాడు.

సరోజనను తెచ్చి కూర్చోబెట్టారు. మేం చెప్పేశామని తెలిశాక కాసేపు మా వైపు చూడలేదు. తర్వాత మెల్లిగా మొదలుపెట్టింది. పంపు మోతలో మాట వినపడదు గనుక మైసక్క ఆమె అరచేతిలో వేలితో బొమ్మ గీసి చెప్పేదట. ఆకలైతే గిన్నె, అలిసిపోతే మంచం, ఆఫీసరు వస్తుంటే బొద్దింక. "ఆఖరి దినం మాట వస్తలేకుండె. నా అరచేతుల గట్టన్న కుంటుకాలు గీసింది. గదేందో నాకు ఎర్కనే. లేపి గోడ కాడికి తీస్కపోయిన. మోచెయ్యి పట్టుకున్న. గీసింది ఆమెనే."

భాస్కరరామ్ గారు కలం తీశారు. "పట్టుకోవడం వేరు, గీయడం వేరు," అని రాసుకున్నారు. సరోజనకు పైడ్యూటీ తప్పింది. మాకు నలుగురికీ సగం బత్తి. నాకు అదనంగా జీతం కోత కూడా.

డబ్బా మీద అంకె చూశాను. పందొమ్మిది నిమిషాలు. ఈ పది రోజులుగా నేను నింపాలనుకుని నింపలేకపోయినదంతా అందులో ఉంది, ఒక్క మాట కూడా పక్కకు పోకుండా. ఇంతకన్నా మంచి పలక ఈ గనిలో ఎవరికీ లేదు.

"సార్, ఇది ఉంచుకోవచ్చా? ఎక్కడా వినిపించం. ఊరికే ఉంచుతం," అని అడిగాను.

"ఆవిడ పేరు మీద ఉన్న గొంతులన్నీ చెరిపేయాలండీ. తీర్పు రాయడం అయిపోయింది కనుక ఇది కూడా." ఆయన నా మొహం చూడకుండా అన్నారు. "నేను విన్నాను, గట్టయ్యగారూ. చాలా బాగా చెప్పారు."

బటన్ ఆయనే నొక్కారు. బల్బు ఆరింది. నా డబ్బాను కూడా తీసుకున్నారు. అందులో గంజి, ఉప్పు, పగలని బత్తి ఉన్నాయి. అవి కూడా పోయాయి.

8. పదకొండో రోజు

మూడో లెవెల్, పంపు మలుపు. పొడి చల్లడమైనది, రెండు బస్తాలు. ఈసారి నిజమే. ఆఫీసరు గారు పక్కన నిలబడ్డారు.

కాలి దగ్గర మొదలుపెట్టాను. ఈడ్చే కాలు ముందు పోయింది. తర్వాత నడుము, వీపు. భుజం దగ్గర ట్యూబు గీత మీద ఆమె ఊదిన చోట బొగ్గు మెరుస్తోంది. దాన్ని ఆఖరుకు ఉంచాను. ఎంతసేపు ఉంచుతాను? మైసక్క అన్నది తప్పు. చెయ్యి వచ్చింది. రాక ఏం చేస్తుంది, ముప్ఫయ్యేళ్ల అలవాటు.

పొడి మామూలు మందంలోనే చల్లాను.

9. ఏడాది తర్వాత

ఇవాళ ఆమె పోయిన రోజు. నేనేమీ ఆశ పెట్టుకోలేదు. షిఫ్ట్ మారే వేళ మేం నలుగురం వంటశాల ముందు ఉండగా హారన్ మోగింది, స్పీకర్లు తెరుచుకున్నాయి. గొంతులు చెరిపినవాళ్లు తేదీని చెరపడం మరిచిపోయారు. పన్నెండు నిమిషాల ఖాళీ వచ్చింది. గాలి మోత, దూరంగా పంపు.

అలవాటు కొద్దీ అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడ్డారు. "పలక ఖరాబైనట్టున్నది," అన్నారెవరో. రెండు నిమిషాలయ్యాక చాలామంది కదిలి వెళ్లిపోయారు. ఈరమ్మ తలమీద కొంగు కప్పుకుని నిలబడింది. ఓదెలు ముక్కు పట్టుకుని గోడవైపు తిరిగాడు. సరోజన అరచేయి మూసుకుంది. సగం బత్తుల వెలుగులో అంతవరకే కనబడింది.

నేను కళ్లు మూసుకున్నాను. బొమ్మలన్నీ నా చేతికి గుర్తున్నాయి. వాన ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, ముక్కు మీద ఎన్ని బస్తాలు పట్టాయో, చీకట్లో గోడ ముందు నిలబెట్టినా చల్లి చూపించగలను. ఆమె మాటలూ గుర్తున్నాయి, ఈ పేజీల్లో రాసే ఉన్నాయి. నీకు చెయ్యి రాదు, అంది. ఏ గొంతుతో అందో పట్టుకోవాలని చూశాను. దగ్గు వచ్చింది. ఈరమ్మ గొంతు వచ్చింది, ఓదెలు గొంతు వచ్చింది. ఆమెది రాలేదు. పన్నెండు నిమిషాలూ నిలబడ్డాను, రాలేదు.

హారన్ మళ్లీ మోగింది. ఇవాళ నా వంతు మూడో లెవెల్. ట్యూబు భుజాన వేసుకుని దిగాను.